గుండె వైఫల్యం మందులు మీ ఒంట్లో ఎలా నడుస్తున్నాయో కనిపెట్టుకుని ఉండడం ఎలా

గుండె పంపింగ్ తగ్గిన ఇద్దరు రోగులకు ఒకే డాక్టరు ఒకే రోజున ఒకే రకమైన మందుల చీటీ రాసి ఇచ్చినా, నెల తిరిగేసరికి వాళ్ల రక్తంలో ఆ మందులు ఒకే స్థాయిలో ఉండవు. ఒకరి పేగులు మాత్రను దాదాపు పూర్తిగా పీల్చుకుంటే మరొకరి పేగులు అందులో పదో వంతు మాత్రమే పీల్చుకోవచ్చు. ఒకరి కాలేయం కొద్ది గంటల్లో విరిచేసే మందును మరొకరి కాలేయం రోజంతా నిలిపి ఉంచవచ్చు. ఈ తేడా మనిషికీ మనిషికీ మధ్య ఉన్నదే కాదు, ఒకే మనిషిలో కాలాన్ని బట్టి కూడా వస్తుంది. సంక్రాంతి నాడు సరిపోయిన మోతాదు మే నెల ఎండల్లో ఎక్కువ కావచ్చు, ఆస్పత్రిలో చాలని మోతాదు ఇంటికి వచ్చిన పది రోజులకు అధికం కావచ్చు. మోతాదు నిర్ణయించేది డాక్టరే అయినా, ఆ నిర్ణయానికి కావలసిన సమాచారంలో చాలా భాగం ఇంట్లోనే దొరుకుతుంది. దాన్ని ఎలా గమనించాలో, ఎలా రాసిపెట్టుకోవాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో ఇక్కడ వివరిస్తాను. దీన్ని చదివి ఎవరూ సొంతంగా మాత్ర పెంచకూడదు, తగ్గించకూడదు, మానకూడదు.

ముందుగా ఏ మందు ఏ దారిన పోతుందో రాసుకోండి

మందుల చీటీని ఎదురుగా పెట్టుకుని, ఒక్కో మందు పక్కన అది ప్రధానంగా కిడ్నీల ద్వారా బయటికి పోతుందా, కాలేయంలో విరిగిపోతుందా అన్నది రాసుకోవడం మొదటి పని. మీకు తెలియకపోతే డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడిగితే రెండు నిమిషాల్లో చెబుతారు. డిగాక్సిన్‌లో దాదాపు 70 శాతం ఏ మార్పూ లేకుండా మూత్రంలో పోతుంది. లిసినోప్రిల్ కాలేయంతో పని లేకుండా కిడ్నీల ద్వారానే పోతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ మింగే సమయానికి ఇంకా పనిచేసే రూపంలో ఉండవు. కాలేయం వాటిని మార్చిన తర్వాతే పని మొదలుపెట్టి, ఆ తర్వాత చాలావరకు కిడ్నీల దారి పడతాయి. నాడిని నెమ్మదింపజేసే బీటా బ్లాకర్లైన మెటోప్రొలాల్, కార్వెడిలాల్ కాలేయం మీద ఆధారపడతాయి. బిసోప్రొలాల్ సగం కాలేయంలో విరిగి, మిగతా సగం కిడ్నీల గుండా వెళుతుంది. ఎప్లెరినోన్, ఇవాబ్రడిన్ అనే రెండు మందులనూ కాలేయంలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైమే విరుస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రం గుండె వైఫల్యంలో రోజుకు 10 మిల్లీగ్రాముల ఒకే మోతాదుతో నడుస్తాయి కాబట్టి, మోతాదు సర్దుబాటు విషయంలో వీటితో ఇబ్బంది తక్కువ.

ఈ జాబితా రాసేటప్పుడే పెట్టె మీది పేరును కాక, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరును చూడండి. డైటార్ అంటే టోర్సెమైడ్ ఒక్కటే. డైటార్ ప్లస్ అంటే అందులో స్పైరనోలాక్టోన్ కూడా కలిసి ఉంటుంది. లాసిక్స్‌లో ఉన్నది ఫ్యురోసెమైడ్. లాసిలాక్టోన్‌లో దానితో పాటు స్పైరనోలాక్టోన్ ఉంటుంది. ఒక డాక్టరు రాసిన లాసిలాక్టోనూ, మరో డాక్టరు రాసిన ఆల్డాక్టోనూ కలిపి వేసుకుంటున్నవారు తెలియకుండానే స్పైరనోలాక్టోన్‌ను రెండింతలు తీసుకుంటున్నారన్న మాట. పాత స్ట్రిప్పులు ఇంట్లో మిగిలి ఉంటే వాటిని వేరే డబ్బాలోకి తీసేయడం మంచిది.

క్రియాటినిన్ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి

కిడ్నీల దారిన పోయే మందులు ఎక్కువగా ఉన్నాయంటే, కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయన్నదే మోతాదులో సగం కథ. చాలా ఇళ్లలో ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ 1.1 అని కనిపించగానే, పక్కనున్న సాధారణ పరిమితిలోనే ఉంది కదా అని కాగితం మడిచి పెట్టేస్తారు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టి, కిడ్నీల ద్వారా బయటికి పోయే పదార్థం. కండ తక్కువగా ఉన్న ముసలివారిలో అది తక్కువగానే పుడుతుంది కాబట్టి, కిడ్నీలు బాగా నెమ్మదించినా ఆ అంకె పెద్దగా పెరగదు.

1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా వేయడానికి ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మందుల మోతాదు లెక్కల్లో వాడుకలో ఉంది. 140 నుంచి వయసును తీసివేసి, దాన్ని బరువుతో గుణించి, వచ్చిన సంఖ్యను 72తో క్రియాటినిన్‌ను గుణిస్తే వచ్చే సంఖ్యతో భాగించాలి. స్త్రీలకైతే ఆ ఫలితాన్ని 0.85తో గుణించాలి. 40 ఏళ్ల వయసు, 70 కిలోల బరువు, 1.1 క్రియాటినిన్ ఉన్న పురుషుడికి ఈ లెక్క వేస్తే నిమిషానికి సుమారు 88 మిల్లీలీటర్లు వస్తుంది. అదే 1.1 క్రియాటినిన్ ఉన్న 78 ఏళ్ల, 42 కిలోల స్త్రీకి వేసి చూడండి: 62ను 42తో గుణిస్తే 2,604, దాన్ని 79.2తో భాగించి 0.85తో గుణిస్తే 28కి కాస్త తక్కువ. రెండు రిపోర్టుల్లో ఒకే అంకె ఉన్నా, ఆమె కిడ్నీలు అతని కిడ్నీల పనిలో మూడో వంతు కూడా చేయడం లేదు. అతనికి రాసిన డిగాక్సిన్ మోతాదే ఆమెకూ ఇస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

ఈ లెక్కలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఒంటికి నీరు పట్టిన రోజుల్లో కాటా చూపే బరువులో కొన్ని కిలోలు నీరే కాబట్టి, వాపు తగ్గిన తర్వాతి బరువును వాడాలి. వాంతులు, విరేచనాల వల్ల క్రియాటినిన్ రోజురోజుకూ మారుతున్న సమయంలో ఈ సూత్రం నమ్మదగినది కాదు. ల్యాబ్ రిపోర్టులోనే ఈజీఎఫ్‌ఆర్ అన్న అంకె (కిడ్నీల వడపోత వేగపు అంచనా) ఉంటే దాన్ని కూడా తేదీతో రాసి ఉంచండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల, ఏ లక్షణమూ కనిపించకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవారు ఎందరో ఉన్నారు. అటువంటి ప్రాంతం నుంచి వచ్చిన రోగి ఆ మాటను గుండె డాక్టరుకు మొదటి రోజే చెప్పాలి.

నీటి మాత్ర: మింగిన ప్రతిసారీ ఒకేలా పనిచేయదు

మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసి ఒంట్లో చేరిన నీటిని తీసే మందుల్లో రోగికీ రోగికీ కనిపించే తేడా చాలా పెద్దది. ఫ్యురోసెమైడ్ మాత్ర నోటి ద్వారా వేసుకుంటే సగటున సగం రక్తంలోకి చేరుతుందని పుస్తకాలు చెబుతాయి. కానీ అది సగటు మాత్రమే. కొందరిలో 10 శాతమే చేరితే, కొందరిలో దాదాపు మొత్తం చేరుతుంది. టోర్సెమైడ్ అలా కాక చాలామందిలో 80 శాతానికి పైగా నిలకడగా చేరుతుంది. అందువల్లే రెండు మందుల మిల్లీగ్రాములు సమానం కావు, ఒకదాని బదులు మరొకటి అదే అంకెతో వేసుకోకూడదు. అలాగని టోర్సెమైడే మేలైనదని తేల్చేయడానికీ వీల్లేదు. 2023లో వెలువడిన ట్రాన్స్‌ఫార్మ్-హెచ్‌ఎఫ్ అనే పెద్ద పరిశోధనలో రెండు మందులు వాడినవారి మధ్య మరణాల్లో తేడా కనిపించలేదు. ఒక రోగికి ఒకటి సరిగా పనిచేయనప్పుడు రెండోదానికి మార్చి చూసే అవకాశం డాక్టరుకు ఉందన్నదే మనకు ఇక్కడ పనికొచ్చే విషయం.

మాత్ర దారిని ఒకసారి దగ్గరగా చూద్దాం. మింగిన మాత్ర కడుపులో కరిగి చిన్నపేగు గోడ గుండా రక్తంలోకి పోవాలి. గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టినప్పుడు కాళ్లతో పాటు పేగు గోడలు కూడా ఉబ్బుతాయి కాబట్టి, మందు రక్తంలోకి చేరడం ఆలస్యమై, ఒక్కసారిగా అందవలసిన స్థాయి అందదు. రక్తంలో చేరిన మందు ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని కిడ్నీకి వెళుతుంది. అక్కడ కిడ్నీ కణాలు దాన్ని చేతికి అందుకున్నట్టు తీసుకుని మూత్రనాళిక లోపలికి విడుదల చేస్తేనే అది పనిచేస్తుంది. రక్తంలో ఎంత ఉన్నా, నాళిక లోపలికి తగినంత చేరకపోతే మూత్రం పెరగదు. కిడ్నీలు మందగించిన రోగికి ఎక్కువ మోతాదు ఎందుకు అవసరమవుతుందో, మోకాళ్ల నొప్పికి వేసుకున్న డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు నీటి మాత్రను ఎందుకు నీరుగారుస్తాయో ఈ దారి తెలిస్తే అర్థమవుతుంది. ఈ నొప్పి మాత్రలు కిడ్నీలో ఉప్పును నిలబెట్టి, రక్తప్రసారాన్ని తగ్గించి, నీటి మాత్ర పనిని అన్ని వైపుల నుంచీ అడ్డుకుంటాయి. గుండె వైఫల్యం ఉన్నవారికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్ర అంత హాని మరేదీ చేయదని నా నమ్మకం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా ముందు గుండె జబ్బు సంగతి చెప్పండి.

గమనించవలసిన పద్ధతి ఇది. పొద్దున నిద్ర లేచి, మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద, ఒకే రకమైన బట్టలతో బరువు చూసి రాయాలి. మాత్ర వేసుకున్న సమయం, మొదటిసారి ఎక్కువగా మూత్రం వచ్చిన సమయం రాయాలి. నోటి ద్వారా వేసుకున్న ఫ్యురోసెమైడ్ సాధారణంగా గంటలోపే పని మొదలుపెట్టి, ఒకటి రెండు గంటల్లో తారస్థాయికి వెళ్లి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది. భోజనంతో పాటు వేసుకుంటే దాని చేరిక తగ్గుతుంది కాబట్టి, డాక్టరు వేరేగా చెప్పకపోతే పరగడుపున వేసుకోవడం మేలు. ఇంతకు ముందు గంటలో మూత్రం వచ్చేది, ఇప్పుడు మూడు గంటలైనా రావడం లేదని మీరు చెప్పగలిగితే, అది డాక్టరుకు ఎంతో విలువైన మాట. మూడు రోజుల్లో బరువు 2 కిలోలకు మించి పెరిగితే, ఆయాసం ఇంకా రాకపోయినా ఫోన్ చేయాలి.

నెలల తరబడి వాడినప్పుడు ఇంకొక మార్పు వస్తుంది. ఉప్పు పోకుండా చూసుకోవడానికి కిడ్నీలోని తర్వాతి భాగపు కణాలు పెరిగి, పైన వదిలేసిన ఉప్పును కింద తిరిగి పట్టుకోవడం మొదలుపెడతాయి. మాత్ర ప్రభావం తగ్గిన గంటల్లో ఆవకాయ, అప్పడం తింటే పొద్దున పోయిన ఉప్పంతా సాయంత్రానికి తిరిగి చేరుతుంది. దీనికి విరుద్ధమైన మార్పు కూడా ఉంది, దాన్నే ఎక్కువమంది పట్టించుకోరు. ఆస్పత్రిలో నీరు తీసేశాక పేగుల వాపు తగ్గి, అదే మాత్ర మునుపటి కంటే బాగా ఒంటబడుతుంది. డిశ్చార్జ్ అయిన రెండో వారంలో లేచి నిలబడితే కళ్లు తిరగడం, నోరు ఎండిపోవడం, బరువు అదే పనిగా తగ్గడం కనిపిస్తే, జబ్బు ముదిరిందని అనుకునే ముందు నీటి మాత్ర ఎక్కువైందేమో అడగండి.

డిగాక్సిన్: ఈ రోజు వేసుకున్న మాత్ర ఫలితం ఎప్పుడు తెలుస్తుంది

కిడ్నీలు బాగా పనిచేసేవారిలో రక్తంలోని డిగాక్సిన్ సగానికి తగ్గడానికి 36 నుంచి 48 గంటలు పడుతుంది. కిడ్నీలు దాదాపు పనిచేయని వారిలో అదే నాలుగైదు రోజులు పట్టవచ్చు. అడుగున చిన్న చిల్లు ఉన్న తొట్టిలో రోజూ ఒక చెంబు నీళ్లు పోస్తున్నట్టు ఊహించుకోండి. పోసినన్ని నీళ్లు బయటికి పోయే మట్టానికి చేరేదాకా తొట్టి నిండుతూనే ఉంటుంది, చిల్లు ఎంత చిన్నదైతే ఆ మట్టం అంత ఎత్తుకు వెళుతుంది, అక్కడికి చేరడానికి అన్ని ఎక్కువ రోజులు పడుతుంది. కాబట్టి మోతాదు మార్చిన తర్వాత మామూలు కిడ్నీలున్న రోగికి వారం పది రోజుల్లో కొత్త మట్టం స్థిరపడితే, కిడ్నీలు దెబ్బతిన్న రోగికి రెండు మూడు వారాలు పడుతుంది. మూడో రోజున బాగానే ఉన్నాడు కదా అని ధైర్యపడడం ఇందుకే సరికాదు.

రక్తంలో డిగాక్సిన్ స్థాయి చూడమని డాక్టరు చెబితే, మాత్ర వేసుకున్న తర్వాత కనీసం ఆరు గంటలు గడిచాక రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర వేసుకునే అలవాటు ఉన్నవారు ఆ రోజు ముందు రక్తం ఇచ్చి, తర్వాత వేసుకోవడం సులువు. గుండె వైఫల్యంలో మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉండేలా చూస్తారు. 1997లో వెలువడిన డిగ్ పరిశోధన ఈ మందు ఆస్పత్రి పాలు కావడాన్ని తగ్గిస్తుంది గాని మరణాలను తగ్గించదని తేల్చింది. ఆ సమాచారాన్ని తర్వాత మళ్లీ పరిశీలించినప్పుడు స్థాయి 1.2, అంతకు మించి ఉన్న పురుషుల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ ఉంటే ఎక్కువ మేలు అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. మన దగ్గర చాలామంది డాక్టర్లు వారానికి ఐదు రోజులే వేసుకోమని రాస్తారు. ఆ రెండు సెలవు రోజులు ఏవో గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి, మరచిపోయిన మాత్రకు బదులుగా మర్నాడు రెండు వేసుకోకండి.

ఆకలి చచ్చిపోవడం, వికారం, తికమక, నాడి బాగా నెమ్మదించడం, వస్తువులు పసుపు పచ్చగా కనిపించడం ఈ మందు ఎక్కువైనప్పటి లక్షణాలు. నీటి మాత్రల వల్ల పొటాషియం తగ్గితే రక్తంలో స్థాయి మామూలుగా ఉన్నప్పటికీ ఇవి రావచ్చు. గుండె లయను సరిచేసే అమియోడరోన్ మొదలుపెడితే డిగాక్సిన్ స్థాయి పెరుగుతుంది కాబట్టి సాధారణంగా మోతాదును సగానికి తగ్గిస్తారు. క్లారిత్రోమైసిన్, వెరపామిల్ కూడా పెంచుతాయి. కడుపు మంటకు తాగే యాంటాసిడ్ ద్రవాలు, పీచు ఎక్కువగా ఉండే పొడులు దాన్ని పేగుల్లోనే పట్టుకుని తగ్గిస్తాయి కాబట్టి వాటికీ దీనికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచాలి. ఈ మందు మూలమైన డిజిటాలిస్ ఆకును 1785లో ప్రపంచానికి పరిచయం చేసిన ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్, కిడ్నీల మీద గానీ కడుపు మీద గానీ నాడి మీద గానీ పేగుల మీద గానీ ప్రభావం కనిపించగానే మందు ఆపమని రాశాడు. రక్తపరీక్ష లేని కాలంలోనే ఆయన ఒక్కో రోగినీ విడిగా చూడాలని గ్రహించాడు.

బీటా బ్లాకర్లు, పుట్టుకతో వచ్చే తేడా, తామర మాత్రలు

మెటోప్రొలాల్‌ను విరిచే ఎంజైము పేరు సీవైపీ2డీ6. దీన్ని తయారుచేసే జన్యువు అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో అది అసలు పనిచేయదు. అటువంటివారిలో అదే మాత్రకు రక్తంలో మందు స్థాయి చాలా రెట్లు ఎక్కువగా ఉంటుంది. యూరప్ మూలాలున్నవారిలో వీరు 5 నుంచి 10 శాతం దాకా ఉంటారు, భారతీయుల్లో అంతకంటే తక్కువ. కొందరిలో ఈ జన్యువు ఒకటికి మించి నకళ్లుగా ఉండి, మందు వేసిన వెంటనే కరిగిపోయినట్టు అవుతుంది. దీనికి జన్యు పరీక్షలు ఉన్నా, రోజువారీ వైద్యంలో వాటి అవసరం అంతగా రాదు, ఎందుకంటే నాడి ఆ సంగతిని ముందే చెబుతుంది. మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 లేదా 25 మిల్లీగ్రాములతో మొదలై, తట్టుకుంటే కనీసం రెండు వారాల ఎడంతో పెంచుతూ 200 దాకా వెళ్లవచ్చు. ఒకరికి 25 దగ్గరే నాడి 55కు పడిపోతే, మరొకరికి 100 దగ్గర కూడా 85 ఉంటుంది. కాబట్టి పక్కింటాయనకు 100 వేస్తున్నారు, మాకు 25తోనే సరిపెట్టారని బాధపడవలసిన పని లేదు. సక్సినేట్ మాత్రను గీత ఉంటే ఆ గీత దగ్గర విరవవచ్చు గాని, నలిపి పొడి చేయకూడదు. కార్వెడిలాల్‌ను భోజనంతో వేసుకుంటే నెమ్మదిగా ఒంటబట్టి, లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగడం తగ్గుతుంది.

పుట్టుకతో మామూలుగా ఉన్న ఎంజైమును మరో మందు మూయవచ్చు. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ అనే మనోవ్యాధి మందులు అటువంటివి. మన దగ్గర ఇంకా ఎక్కువగా ఎదురయ్యేది తామర. తామరకు రాసే టెర్బినాఫిన్ మాత్రలు ఇదే ఎంజైమును అడ్డుకుంటాయి, ఆపేశాక కూడా వాటి ప్రభావం వారాల తరబడి ఉంటుంది. తామరకే ఇచ్చే మరో మందు ఇట్రాకొనజోల్ మరింత జాగ్రత్త పడవలసినది: అది సీవైపీ3ఏ4ను మూసి ఎప్లెరినోన్, ఇవాబ్రడిన్ స్థాయిలను ప్రమాదకరంగా పెంచుతుంది, డిగాక్సిన్‌నూ పెంచుతుంది, పైగా గుండె కండరం బలాన్ని తానే నేరుగా తగ్గించగలదు. చర్మ వ్యాధి డాక్టరు దగ్గరికి గుండె మందుల చీటీ తీసుకువెళ్లడం ఎవరికీ తోచదు. తప్పకుండా తీసుకువెళ్లండి.

పొటాషియం పరీక్షను వాయిదా వేయకండి

స్పైరనోలాక్టోన్ మింగిన తర్వాత కాలేయంలో వేరే పదార్థాలుగా మారి, వాటి రూపంలో పనిచేస్తుంది. పూర్తి ప్రభావం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆపిన తర్వాత కూడా రెండు మూడు రోజులు ఉంటుంది. అందువల్ల పొటాషియం పెరిగిందని ఈ రోజు ఆపితే రేపటికే తగ్గిపోతుందని అనుకోకూడదు. 1999లో రేల్స్ పరిశోధన ఈ మందు తీవ్రమైన గుండె వైఫల్యంలో ప్రాణాలు కాపాడుతుందని చూపింది. ఆ ఫలితం వచ్చాక కెనడాలోని ఒంటారియోలో దీని వాడకం ఒక్కసారిగా పెరిగి, దానితో పాటే పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవారూ, చనిపోయినవారూ పెరిగారని 2004లో అక్కడి పరిశోధకులు ప్రచురించారు. పరిశోధనలో రోగులను ఏరి తీసుకుని, తరచుగా రక్తం పరీక్షించారు. బయట మందు రాసిచ్చినంత సులువుగా పరీక్షలు జరగలేదు. ఆ పాఠం మన ఇళ్లకు నేరుగా వర్తిస్తుంది. మొదలుపెట్టిన వారానికి, నెలకు, ఆ తర్వాత మూడు నెలలకోసారి పొటాషియం, క్రియాటినిన్ చూపించండి. పొటాషియం 5.5 దాటితే సాధారణంగా మోతాదు తగ్గిస్తారు, 6 దాటితే ఆపేస్తారు. ఈ అంకెలు రిపోర్టులో కనిపిస్తే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే తెలియజేయాలి.

బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కొబ్బరి నీళ్లలోనూ అది ఎక్కువే. స్పైరనోలాక్టోన్‌తో పాటు రామిప్రిల్ వంటివో, సాకుబిట్రిల్-వల్‌సార్టాన్ మాత్రో వేసుకునేవారు ఈ రెండింటి గురించీ డాక్టరును అడిగాకే వాడాలి.

మొదటి ఆరు వారాలు, తర్వాతి ఏళ్లు

మందులు మొదలైన తొలి వారాల్లో క్రియాటినిన్ కొద్దిగా పెరగడం, బీపీ తగ్గడం మామూలే. రామిప్రిల్ వంటి మందులు, సాకుబిట్రిల్-వల్‌సార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీ లోపలి ఒత్తిడిని తగ్గించడం వల్ల ఇది జరుగుతుంది. 30 శాతం దాకా పెరుగుదలను సాధారణంగా సహించి మందు కొనసాగిస్తారు. రిపోర్టు చూసి భయపడి ప్రాణం నిలిపే మందును ఇంట్లోవాళ్లే ఆపేయడం నిజంగా బాధాకరమైన విషయం. 2022లో వెలువడిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ పరిశోధన, డిశ్చార్జ్ అయిన రెండు వారాల్లోనే మోతాదులను పూర్తి స్థాయికి తీసుకువెళ్లి, ఒకటి, రెండు, మూడు, ఆరో వారాల్లో రోగిని పిలిచి రక్తం చూస్తే మళ్లీ ఆస్పత్రి పాలవడం తగ్గుతుందని చూపింది. వేగంగా పెంచడం సాధ్యమైంది ఆ పిలిచి చూడడం వల్లనే కాబట్టి, ఊరు దూరమైనా ఆ ఆరు వారాల రాకపోకలు మానకండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మందు నుంచి సాకుబిట్రిల్-వల్‌సార్టాన్‌కు మారేటప్పుడు మధ్యలో 36 గంటల విరామం తప్పనిసరి, లేకపోతే ముఖం, గొంతు వాచే ప్రమాదం ఉంది.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. యూరప్‌లోని పదకొండు దేశాల రోగుల సమాచారంతో 2019లో వచ్చిన ఒక విశ్లేషణలో, రామిప్రిల్ వంటి మందులూ బీటా బ్లాకర్లూ పురుషులకు పూర్తి మోతాదులో ఇచ్చిన మేలును స్త్రీలకు దాదాపు సగం మోతాదులోనే ఇచ్చాయి. దీని మీద చికిత్స నియమాలు మారిపోలేదు గాని, ఇంట్లో తల్లికి పూర్తి మోతాదు పడటం లేదంటే అది చికిత్సలో లోపమని అనుకోనవసరం లేదు.

ఏళ్లు గడిచే కొద్దీ కిడ్నీల పని నెమ్మదిగా తగ్గుతుంది, కండ తరుగుతుంది, బరువు మారుతుంది. అందుకని ఐదేళ్ల కిందట కుదిరిన చీటీని ఏడాదికోసారైనా మొదటి నుంచి చివరి దాకా డాక్టరుతో మళ్లీ చదివించాలి. ఏడాది లోపల కూడా మన వాతావరణం పెద్ద మార్పులు తెస్తుంది. రెంటచింతల, రామగుండం వైపు ఏప్రిల్, మే నెలల్లో చెమటతోనే ఎంతో నీరు పోతుంది. చలికాలపు నీటి మాత్ర మోతాదు అప్పుడు బీపీని, కిడ్నీలను దెబ్బతీయవచ్చు. ఎండలు ముదరకముందే, మార్చిలో ఒకసారి డాక్టరును కలిసి వేసవి మోతాదు గురించి, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలన్న దాని గురించి అడగండి. వాంతులు, విరేచనాలు, తిండి సహించని జ్వరం వచ్చిన రోజున ఏ మాత్రలు తాత్కాలికంగా ఆపాలో ముందుగానే రాయించుకోండి. నీటి మాత్ర, స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ వంటివి, డాపాగ్లిఫ్లోజిన్ సాధారణంగా ఆ జాబితాలో ఉంటాయి. శివరాత్రి ఉపవాసానికీ, రంజాన్ రోజాలకూ ముందు డాపాగ్లిఫ్లోజిన్ గురించి ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే చక్కెర మామూలుగా ఉండగానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే అపాయం ఉంది. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు దాన్ని ఆపడం కూడా ఇందుకే.

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండడానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఆరు నెలల మందులు కట్టుకుని వెళతారు గాని, ఆరు నెలల రక్తపరీక్షల గురించి ఆలోచించరు. బయలుదేరే ముందు వారంలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకుని, అక్కడ మూడో నెలలో మళ్లీ చేయించే ఏర్పాటు పిల్లలు ముందే చేయాలి. మన దగ్గర సాకుబిట్రిల్-వల్‌సార్టాన్ స్ట్రిప్పు మీద 50, 100, 200 అని ఉంటుంది. అక్కడ అదే మందు మీద 24/26, 49/51, 97/103 అని రెండు భాగాలుగా ఉంటుంది. రక్తం పలచబరచడానికి ఇక్కడ విరివిగా వాడే ఎసిట్రోమ్ అక్కడ అమ్మకంలో లేదు, వార్ఫరిన్‌కు మారవలసి వస్తుంది. కాలేయానికి నీరు పట్టినప్పుడు ఈ రెండు మందుల ప్రభావమూ పెరుగుతుంది కాబట్టి, కాళ్ల వాపు తిరిగి వచ్చిన వారంలో రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష కూడా చేయించాలి.

పుస్తకంలో ఏం రాయాలి

ఒక్కో రోజుకు ఒక్క వరుస చాలు: తేదీ, పొద్దుటి బరువు, కూర్చుని ఐదు నిమిషాలయ్యాక చూసిన బీపీ, నాడి, నీటి మాత్ర వేసుకున్న సమయం, ఆ రోజు కొత్తగా వేసుకున్న ఏ మాత్రైనా. చివరి పేజీలో రక్తపరీక్షల తేదీలు, క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, పొటాషియం అంకెలు. మోతాదు మారిన రోజున ఆ వరుసను ఎర్ర సిరాతో రాస్తే, ఆ మార్పు తర్వాత ఏం జరిగిందో డాక్టరు ఒక్క చూపులో పట్టుకోగలరు. నాడి 50కి దిగినా, పై బీపీ 90కి దిగి కళ్లు తిరుగుతున్నా, మూత్రం బాగా తగ్గినా, తికమకగా మాట్లాడుతున్నా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోయినా అదే రోజు ఫోన్ చేయాలి. స్పృహ తప్పినా, విశ్రాంతిలో ఉన్నప్పుడే ఆయాసం ఆగకపోయినా ఫోన్ కోసం ఎదురుచూడకుండా 108కి చెప్పి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి, ఆ పుస్తకాన్నీ మందుల స్ట్రిప్పులనూ వెంట పెట్టుకుని.